సర్వర్లన్నీ వర్చువల్ చేశాక ఇంక డీఆర్ (డిజాస్టర్ రికవరీ) ఎందుకంటున్నారు మా ఎండీ గారు

బెజవాడ_అడ్మిన్
మాది మందుల హోల్‌సేల్. హెడ్డాఫీసూ పెద్ద గోడౌనూ విజయవాడ సింగ్ నగర్‌లో ఉన్నాయి, బ్రాంచీలు గుంటూరులో ఒకటి, ఏలూరులో ఒకటి. ఐటీ అంటే నేనూ నాతోపాటు ఒక కుర్రాడూ, అంతే. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు కింది అంతస్తులో ఉన్న రెండు సర్వర్లూ మునిగిపోయాయి. అకౌంటెంట్ గారు ఎందుకో ఇంటికి పట్టుకెళ్లిన ఒక హార్డ్‌డిస్కు మాత్రం మిగిలింది, దాంట్లో ఉన్నది తొమ్మిది రోజుల కిందటి డేటా. ఆ తొమ్మిది రోజుల బిల్లులనీ డెలివరీ చలాన్లు ముందేసుకుని రాత్రీ పగలూ మళ్లీ కొట్టాం. చలాన్లు కూడా సగం తడిసినవే, ఫ్యాను కింద ఆరబెట్టి చదివాం.

ఆ తర్వాత మంచి సర్వరు ఒకటి కొని రెండో అంతస్తులో పెట్టాం. హైపర్-వీ (ఒకే మిషన్ మీద చాలా సర్వర్లు నడిపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) వేసి అన్నీ వీఎంలు, అంటే వర్చువల్ మిషన్లు చేశాను. మొత్తం ఏడు: డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్‌లు చూసేది), బిల్లింగ్ డేటాబేస్, బిల్లింగ్ అప్లికేషన్, అకౌంట్స్, ఫైల్ సర్వరు, ఇంకో రెండు లైనక్స్ వీఎంలు. రోజూ రాత్రి అదే ర్యాకులో ఉన్న నాస్‌లోకి (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె) బ్యాకప్ వెళ్తుంది. ఇప్పుడు వేరే ఊళ్లో ఇంకో సర్వరు పెట్టి కాపీ అక్కడ కూడా ఉంచుదాం అంటే, ఎండీ గారు "వర్చువల్ చేస్తే సర్వరు పోయినా ఇబ్బంది ఉండదని నువ్వే అన్నావు కదయ్యా, మళ్లీ ఖర్చేంటి" అంటున్నారు. ఆ మాట నేనే అన్నాను, నిజమే. ఇప్పుడు ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మొత్తం డేటా 2.2 టీబీ, రోజుకి 40 జీబీ దాకా మారుతుంది. ఆరు లక్షల లోపు ఏదైనా కుదురుతుందా?

పాతడిస్కు
నాస్ కూడా అదే ర్యాకులో ఉందా? అయితే మీకు ఉన్నది ఒకటే కాపీ అనుకోండి. నిప్పు అంటుకున్నా, దొంగ వచ్చినా, కరెంటు హైవోల్టేజీ కొట్టినా రెండూ కలిసే పోతాయి.

వైజాగ్_కేబుల్
ఎండీ గారికి మా కథ చెప్పండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న, ఆదివారమే. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసు ద్వారకా నగర్‌లో ఉండేది. మేం చాలా జాగ్రత్తపరులం అనుకునేవాళ్లం, ఎందుకంటే రెప్లికా సర్వరు (ఎప్పటికప్పుడు కాపీ ఉంచుకునే రెండో సర్వరు) ఎంవీపీ కాలనీలో వేరే బిల్డింగ్‌లో పెట్టాం. గాలి తగ్గాక చూస్తే రెండు సర్వర్లూ క్షేమంగానే ఉన్నాయి, ఒక్క స్క్రూ కూడా కదల్లేదు. కానీ రెండు చోట్లా కరెంటు లేదు, ఫైబర్ లేదు, సెల్ టవర్లు లేవు. జనరేటర్‌కి డీజిల్ కోసం బంకుల దగ్గర కిలోమీటర్ల కొద్దీ లైన్లు. ఎయిర్‌పోర్టు పైకప్పే ఎగిరిపోయింది. సర్వరు బతికే ఉన్నా వ్యాపారం ఆగిపోయింది. డిజాస్టర్ అంటే మిషన్ పాడవడం అనుకున్నాం, ఊరు మొత్తం ఆగిపోతుందని అనుకోలేదు.

నాలుగో రోజు డిస్కులు బ్యాగులో పెట్టుకుని కారులో రాజమండ్రి వెళ్లి, తెలిసినవాళ్ల ఆఫీసులో ఖాళీగా ఉన్న వేరే కంపెనీ సర్వరు మీద వీఎంలు లేపాం. గంటన్నరలో బిల్లింగ్ వచ్చేసింది. వీఎంగా మార్చని పేరోల్ మిషన్ ఒకటుంది, దాని ఇమేజ్ మాత్రం ఆ సర్వరు మీద బూట్ అవ్వలేదు. ఎన్నిసార్లు చేసినా బ్లూ స్క్రీనే, డిస్క్ కంట్రోలర్ డ్రైవర్ వేరు కాబట్టి. ఆ నెల జీతాలు చేత్తో లెక్క కట్టి ఇచ్చాం. వర్చువలైజేషన్ వల్ల లాభం ఏంటో ఒకే గదిలో రెండూ పక్కపక్కన చూశాను.

కీసర_అన్న
+1 వైజాగ్ అన్నా. ఎండీ గారికి ఇట్లా చెప్పు తమ్ముడూ: వర్చువల్ చేస్తే సర్వరు ఒక ఫైలు అయిపోతుంది. ఫైలు అయితే ఏ ఊరికైనా తీసుకుపోవచ్చు, ఏ బ్రాండ్ మిషన్ మీదనైనా నడపొచ్చు. కానీ తీసుకుపోవాల్సింది మనమే, అది తనంతట తాను పోదు.

బెజవాడ_అడ్మిన్
ఈ మాట బాగుంది అన్నా, ఇదే చెప్తాను. మరి రెండోది గుంటూరు బ్రాంచిలో పెడితే? సొంత బిల్డింగు, అద్దె గొడవ లేదు.

గోదారి_గట్టు
గుంటూరు 35 కిలోమీటర్లే కదండీ. మీ సర్వర్లు మునిగినప్పటి వాన, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పటిది, రెండు జిల్లాలకీ కలిపే పడింది. తుఫాను వచ్చినా రెండు ఊళ్లకీ ఒకేసారి వస్తుంది. కరెంటు గ్రిడ్ పరంగా చూసినా అంత దగ్గర పెట్టడం నాకు నచ్చదు.

కీసర_అన్న
హైదరాబాద్‌ల పెట్టు.

గోదారి_గట్టు
హైదరాబాద్ అంటే భయం లేదని కాదు, 2020 అక్టోబర్‌లో అక్కడ కాలనీలకి కాలనీలు మునిగాయి. కానీ రెండు ఊళ్లూ ఒకే వారం మునిగే అవకాశం తక్కువ. ఒకటి గుర్తుంచుకోండి, విజయవాడ మునిగిన ఆ రోజే నందిగామ దగ్గర నీళ్లొచ్చి హైదరాబాద్ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. "అవసరమైతే నేను కారులో వెళ్లి ఆన్ చేస్తా" అనే ప్లాన్ పెట్టుకోవద్దు. ఇంట్లోంచి, ఫోన్ హాట్‌స్పాట్ మీదైనా, వీపీఎన్‌తో (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షితమైన దారి) అక్కడి సర్వరుని లేపగలగాలి. ఆ వీపీఎన్ కూడా విజయవాడ ఫైర్‌వాల్ మీదుగా వెళ్లకూడదు.

బెజవాడ_అడ్మిన్
మా వీపీఎన్ విజయవాడ ఫైర్‌వాల్ మీదే ఉంది. రాసుకున్నాను.

డీబీఏ_లక్ష్మి
ఒక మాట అడుగుతాను. బిల్లింగ్ డేటాబేస్ బ్యాకప్ ఎలా తీస్తున్నారు? వీఎం మొత్తం ఇమేజేనా, డేటాబేస్ లోపలి నుంచి కూడా తీస్తున్నారా?

బెజవాడ_అడ్మిన్
వీఎం ఇమేజ్ ఒక్కటే మేడం. వారానికోసారి స్నాప్‌షాట్ కూడా తీసి ఉంచుతాను, మూడు నాలుగు ఉంటాయి ఎప్పుడూ.

డీబీఏ_లక్ష్మి
ఆ స్నాప్‌షాట్లు ఈ రోజే తీసేయండి, దయచేసి. స్నాప్‌షాట్ అంటే కాపీ కాదు. అది తీసిన క్షణం నుంచి జరిగిన మార్పులన్నీ పక్కన ఇంకో ఫైల్లో రాసుకుంటూ పోతుంది, అసలు డిస్కు ఫైలు అలాగే కింద ఉంటుంది. అసలుది పోతే స్నాప్‌షాట్ ఎందుకూ పనికిరాదు. పైగా ఆ పక్క ఫైలు పెరిగి పెరిగి స్టోరేజీ నిండితే వీఎం ఆగిపోతుంది. మా క్లయింట్ దగ్గర ఇలాగే ఎనిమిది నెలల స్నాప్‌షాట్ ఒకటి మర్చిపోయారు. దాన్ని కలపడానికి శనివారం రాత్రి మొదలుపెడితే సోమవారం పొద్దున్న దాకా నడిచింది, ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు.

ఇంకోటి, నడుస్తున్న డేటాబేస్ ఉన్న వీఎంని ఊరికే కాపీ చేస్తే అది ప్లగ్ పీకేసిన మిషన్‌తో సమానం. లేస్తుంది, చాలాసార్లు లేస్తుంది, కానీ మధ్యలో ఉన్న లావాదేవీల సంగతి డేటాబేస్ ఇంజిన్ రికవరీ మీద ఆధారపడి ఉంటుంది. విండోస్‌లో వీఎస్ఎస్ ద్వారా అప్లికేషన్‌కి చెప్పి తీసే పద్ధతి ఉంది, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ టిక్ పెట్టారో లేదో చూడండి. దాంతోపాటు డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పూ రాసుకునే ఫైలు) బ్యాకప్ పదిహేను నిమిషాలకోసారి వేరేగా తీసి బయటికి పంపండి. వీఎం పాడైనా ఆ లాగ్‌లతో పదిహేను నిమిషాల దగ్గరికి రావచ్చు.

పాతడిస్కు
లక్ష్మి గారు చెప్పింది బంగారం.

ర్యాక్_రాజు
ఇంత గొడవెందుకు, క్లౌడ్‌కి వెళ్లిపోండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) రీజియన్, అంటే డేటా సెంటర్ల కేంద్రం, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే ఉంది, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కి పూణేలో, చెన్నైలో ఉన్నాయి. వీఎంల డిస్కులు అక్కడికి ఎప్పటికప్పుడు కాపీ అవుతూ ఉంటాయి, మామూలు రోజుల్లో స్టోరేజీకీ, ఆ సర్వీసుకీ మాత్రమే డబ్బు, పెద్ద వీఎంలు డిజాస్టర్ రోజునే లేస్తాయి. రెండో సర్వరు కొనడం, దానికి ఏసీ, యూపీఎస్, వారంటీ, ఇవన్నీ ఎవరు చూస్తారు? ఇద్దరే మనుషులు అంటున్నారు.

పాతడిస్కు
చిన్న కంపెనీకి నెలనెలా బిల్లు అంటే కష్టం రాజు గారూ, అదీ డాలర్ రేటుతో ముడిపడి ఉంటుంది. ఒకసారి కొన్న సర్వరు ఐదేళ్లు ఉంటుంది. క్లౌడ్‌లో లేపిన వీఎంలు తిరిగి ఇంటికి తెచ్చుకునేటప్పుడు డేటా బయటికి తీసినందుకు కూడా కట్టాలి. అది మొదట ఎవరూ లెక్కేయరు.

ర్యాక్_రాజు
నేను లెక్కేస్తాను అండీ. ఏడు వీఎంలకి అది అంత పెద్ద మొత్తం కాదు. మీరు లెక్కేయనిది వీళ్ల టైము.

వైజాగ్_కేబుల్
క్లౌడ్‌లో పెట్టినంత మాత్రాన క్షేమం కూడా కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది కదా. బ్యాకప్ కూడా అదే క్యాంపస్‌లో పెట్టుకున్నవాళ్లు మొత్తం పోగొట్టుకున్నారు. మన ద్వారకా నగర్, ఎంవీపీ కాలనీ కథే అది, ఊరు మారిందంతే. నేను క్లౌడ్ వద్దనడం లేదు. ఏది ఎక్కడుందో మనకి తెలిసి ఉండాలంటున్నాను.

సీఏ_చదువుతున్నా
ఐటీ వాళ్ల మధ్యలోకి వస్తున్నాను, క్షమించండి. మీది కంపెనీ కాబట్టి ఒక రూలు ఉంది. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ రూల్స్ మార్చారు, ఎలక్ట్రానిక్ ఖాతా పుస్తకాల బ్యాకప్ ఇండియాలో ఉన్న సర్వరులో రోజూ ఉండాలి. అంతకుముందు "అప్పుడప్పుడు" అన్నట్టు ఉండేది, ఇప్పుడు రోజూ అని స్పష్టంగా ఉంది. క్లౌడ్ తీసుకుంటే రీజియన్ ఇండియాదే ఎంచుకోండి. ఎండీ గారికి ఖర్చు అని కాకుండా ఆడిటర్ అడుగుతారని చెప్పి చూడండి, తొందరగా వింటారు.

ఇంకో సందేహం. మీకు ఈ-ఇన్‌వాయిస్ ఉంటుంది కదా, టర్నోవర్ ఐదు కోట్లు దాటితే 2023 ఆగస్టు నుంచి తప్పనిసరి. ఆ తొమ్మిది రోజుల బిల్లులు పోర్టల్ నుంచి తెచ్చుకోవచ్చు కదా, మళ్లీ ఎందుకు కొట్టారు?

బెజవాడ_అడ్మిన్
తెచ్చుకున్నాం. ఎవరికి ఎంత అమ్మామో, పన్ను ఎంతో వచ్చింది. కానీ మా బిల్లింగ్ నుంచి బ్యాచ్ నంబర్లూ ఎక్స్‌పైరీ తేదీలూ పోర్టల్‌కి పంపడం లేదు, అవి ఐచ్ఛికం కదా అని ఎప్పుడో వదిలేశారు. మందుల వ్యాపారంలో బ్యాచ్ లేకపోతే ఆ బిల్లుకి అర్థం లేదు. ఏదైనా బ్యాచ్ వెనక్కి తీసుకోమని కంపెనీ చెబితే ఏ షాపుకి పంపామో చెప్పాలి. ఇంకా తిరిగొచ్చిన సరుకు, డ్యామేజీ, బ్రాంచి ట్రాన్స్‌ఫర్లు, ఇవేవీ పోర్టల్‌లో ఉండవు.

సీఏ_చదువుతున్నా
అర్థమైంది. నాకు ఇది తెలియదు, థాంక్స్.

ఎడిసన్_రావు
అమెరికాలో న్యూజెర్సీ నుంచి. మీరు "రెండో అంతస్తులో పెట్టాం" అన్నారు, అక్కడ ఆగాను. 2012 అక్టోబర్ చివర్లో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో 75 బ్రాడ్ స్ట్రీట్ అనే బిల్డింగ్‌లో డేటా సెంటర్ 17వ అంతస్తులో ఉండేది. అంత ఎత్తుకి నీళ్లు ఎలాగూ రావు. కానీ డీజిల్ పైకి పంపే ఏర్పాటు బేస్‌మెంట్‌లో ఉంది, అది మునిగింది. మనుషులు మెట్ల మీద వరసగా నిలబడి బకెట్లతో డీజిల్ 17 అంతస్తులు మోశారు. మీ సర్వరు పైన ఉంది సరే, కరెంటు ప్యానెల్ బోర్డు ఎక్కడుంది? యూపీఎస్ బ్యాటరీలు ఎక్కడున్నాయి? ఫైబర్ వచ్చే బాక్సు?

బెజవాడ_అడ్మిన్
ఇప్పుడే కిందికి దిగి చూసొచ్చాను. యూపీఎస్ పైనే ఉంది. మెయిన్ ప్యానెల్ కిందే, నేల నుంచి రెండడుగులు. ఫైబర్ బాక్సు కూడా దాని పక్కనే. వరదప్పుడు అక్కడ నీళ్లు నా ఛాతీ దాకా ఉన్నాయి. ఏడాది నుంచి రోజూ ఆ ప్యానెల్ ముందు నుంచే మెట్లెక్కుతున్నాను.

పాతడిస్కు
రావు గారికి దండం.

కోడ్_కాకినాడ
నాదో చిన్న విషయం. ఎండీ గారితో మాట్లాడేటప్పుడు "ఆర్‌టీఓ" (ఎంతసేపట్లో మళ్లీ లేవాలనే గడువు) అనకండి. నేను మా సార్‌తో "మన ఆర్‌టీఓ నాలుగు గంటలు" అంటే ఏ బండికి సార్ రిజిస్ట్రేషన్ అని డ్రైవర్‌ని పిలిచారు. "పని ఆగితే ఎంతసేపట్లో మొదలవుతుంది, ఎంతసేపటి డేటా పోతుంది" అని రెండు తెలుగు వాక్యాల్లో అడిగితే వెంటనే అర్థమైంది, ఆయనే లెక్క చెప్పారు, గంట ఆగితే ఎన్ని లారీలు నిలబడతాయో.

కీసర_అన్న
😂 బండి రిజిస్ట్రేషన్!! కానీ పాయింటు కరెక్టు. సారుకి గంటల లెక్క, పైసల లెక్క చెప్పాలె.

నైట్‌షిఫ్ట్_22
వరదల గురించే మాట్లాడుతున్నారు, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) సంగతేంటి? 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐ (హైపర్-వీ లాంటిదే, వీఎంవేర్‌ది) సర్వర్ల మీద పడ్డ దాడి గుర్తుందా, రెండేళ్ల కిందటే ప్యాచ్ వచ్చిన లోపంతోనే వచ్చారన్నారు, చాలామంది ప్యాచ్ వేసుకోలేదు. వాళ్లు వీఎం లోపలికి వెళ్లలేదు, హోస్ట్ (వీఎంలన్నీ నడిచే అసలు మిషన్) మీదకి వెళ్లి వీఎంల ఫైళ్లనే ఎన్‌క్రిప్ట్ చేశారు. కీసర అన్న చెప్పినట్టు వర్చువల్ చేస్తే సర్వరు ఫైలు అయిపోతుంది కదా, దొంగకి కూడా అదే సౌకర్యం. ఒక హోస్ట్ దొరికితే ఏడు సర్వర్లు దొరికినట్టే.

మాకు పోయినేడాది జరిగింది. వేరే ఊళ్లో రెప్లికా ఉంది, హాయిగా ఉన్నాం అనుకున్నాం. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కులే రెప్లికాకి కూడా బుద్ధిగా కాపీ అయ్యాయి. బ్యాకప్ సర్వరు కూడా అదే డొమైన్‌లో, అంటే అవే లాగిన్‌లతో ఉంది, అడ్మిన్ పాస్‌వర్డ్ దొరకగానే బ్యాకప్‌లు చెరిపేశారు. చివరికి మమ్మల్ని కాపాడింది పాత మేనేజర్ గారు నెలకోసారి తీసి బీరువాలో పెట్టించే టేపు. 19 రోజుల డేటా పోయింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లో రిపోర్టు చేయాలనే రూలు కూడా మాకు ఆ రోజే తెలిసింది. దయచేసి బ్యాకప్ సర్వరుని డొమైన్‌లో చేర్చకండి, దాని పాస్‌వర్డ్ వేరే ఉంచండి, ఒక కాపీ ఎవరూ చెరపలేనిది ఉండాలి.

గోదారి_గట్టు
చెరపలేని కాపీకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత సర్వరు మీద లైనక్స్ వేసి, పెట్టిన రోజుల లోపు డిలీట్ చేయడానికి కుదరని బ్యాకప్ నిల్వగా వాడుకోవచ్చు, వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది. పది మిషన్ల దాకా వీమ్ ఉచిత ఎడిషన్ సరిపోతుంది, మీవి ఏడేగా. లైసెన్సు ఖర్చే వద్దనుకుంటే ప్రాక్స్‌మాక్స్ (హైపర్-వీ లాంటిదే, ఉచితం) వైపు చూడండి, దాని బ్యాకప్ సర్వరు మార్పులు మాత్రమే పంపుతుంది. కానీ మీరు ఇప్పటికే హైపర్-వీ మీద ఉన్నారు, నడుస్తున్నదాన్ని కదిలించొద్దు.

హైపర్-వీ రెప్లికాలో పాత పాయింట్లు కూడా దాచుకోవచ్చు, గంటకొకటి చొప్పున 24 దాకా. నైట్‌షిఫ్ట్ గారికి జరిగినట్టు కొత్త కాపీ చెడిపోయినా, కొన్ని గంటల్లో పసిగడితే వెనక్కి వెళ్లొచ్చు. ఎంతకోసారి పంపాలో మూడు ఎంపికలు ఉంటాయి: 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు. డేటాబేస్‌కి 5, మిగతావాటికి 15 పెడితే మీ లైనుకి సరిపోతుంది. డొమైన్ కంట్రోలర్‌ని మాత్రం రెప్లికా చేయకండి, హైదరాబాద్‌లో చిన్న వీఎంగా రెండో కంట్రోలర్ ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వండి. అవి తమలో తామే సర్దుకుంటాయి.

కోడ్_కాకినాడ
లైను లెక్క నేను వేస్తా. మీ లైను 50 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి సుమారు 22 జీబీ. రోజుకి 40 జీబీ అంటే రెండు గంటల పని, రోజంతా విడతలుగా వెళ్తే తెలియను కూడా తెలియదు. కానీ మొదటిసారి 2.2 టీబీ ఆ లైను మీద పంపితే నాలుగు రోజులు పైనే. ఆ నాలుగు రోజులూ బిల్లింగ్ ఈడుస్తుంది. మొదటి కాపీ డిస్కులో ఎక్కించి, ఎన్‌క్రిప్ట్ చేసి, రాత్రి బస్సులో మనిషినిచ్చి పంపండి, పొద్దున్నకి హైదరాబాద్‌లో ఉంటుంది.

డీబీఏ_లక్ష్మి
డ్రైవర్ చేతికి పార్సిల్‌గా ఇవ్వకండి, మనిషే తీసుకెళ్లాలి. ఎన్‌క్రిప్షన్ మర్చిపోవద్దు, అందులో షాపుల బకాయిలు, స్టాఫ్ వివరాలు అన్నీ ఉంటాయి.

ర్యాక్_రాజు
లైసెన్సులు చూశారా? విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఒక్క సెట్టుకి రెండు విండోస్ వీఎంలే. మీకు ఐదున్నాయి, అంటే మూడు సెట్లు కావాలి. రెప్లికా సర్వరుకి కూడా లైసెన్సు కావాలి, సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (మైక్రోసాఫ్ట్‌కి అదనంగా కట్టే ప్లాను) ఉంటే ఆ వెసులుబాటు వేరు. ఆరు లక్షల్లో ఇది పెద్ద ముక్కే తింటుంది. నేను క్లౌడ్ అన్నది ఇందుకే.

బెజవాడ_అడ్మిన్
మూడు సెట్లు ఇక్కడికి కొన్నాం. అక్కడికి అష్యూరెన్స్ గురించి డీలర్‌ని అడుగుతాను. అన్నీ చదివి రెండు పేజీలు రాసి రేపు ఎండీ గారి దగ్గరకి వెళ్తున్నా. ఆయన తమ్ముడి గారి ఆఫీసు కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, అక్కడ పెట్టమంటారేమో.

బెజవాడ_అడ్మిన్
ఒప్పుకున్నారు! ఫైలు మాట చెప్పగానే "అంటే ఇల్లు మారేటప్పుడు సామాను ప్యాక్ చేసి ఉంది కానీ లారీ ఎక్కలేదన్నమాట" అని ఆయనే అన్నారు. గంట ఆగితే నష్టం ఎంతో ఆయనే లెక్కేశారు, నేను రాసినదానికి రెట్టింపు వచ్చింది. బిల్లింగ్ నాలుగు గంటల్లో లేవాలి, పదిహేను నిమిషాలకి మించి డేటా పోకూడదు, ఇవి రెండూ ఆయన పెట్టినవే. వాడిన సర్వరు ఒకటి వారంటీతో కొన్నాం, కూకట్‌పల్లిలో పెట్టాం. మొదటి కాపీ మా కుర్రాడే బస్సులో తీసుకెళ్లాడు. డ్రిల్ చేశాక మళ్లీ రాస్తాను.

నైట్‌షిఫ్ట్_22
తప్పకుండా రాయండి. డ్రిల్ చేయని డీఆర్ ఉన్నా లేనట్టే, నా అనుభవంతో చెప్తున్నాను.

బెజవాడ_అడ్మిన్
మొన్న ఆదివారం చేశాం. ముందు శనివారం టెస్ట్ ఫెయిలోవర్ చేశాను, అది వేరే నెట్‌వర్క్‌లో కాపీ వీఎం లేపుతుంది, అసలు వాటికేం కాదు. అందులో అన్నీ బాగా లేచాయి, ధైర్యం వచ్చింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదికి నిజంగానే విజయవాడ సర్వరు ఆపేసి, ఇంట్లో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో హైదరాబాద్‌లో లేపడం మొదలుపెట్టాను. నాలుగు గంటలనుకుంటే ఆరు గంటల నలభై నిమిషాలు పట్టింది.

మొదటి గంటన్నర ఎందుకు పోయిందంటే, హైదరాబాద్ హోస్ట్ పాస్‌వర్డ్ నేను పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టాను, ఆ పాస్‌వర్డ్ మేనేజర్ విజయవాడలో ఆపేసిన లైనక్స్ వీఎంలో ఉంది. చివరికి కుర్రాడి పాత ల్యాప్‌టాప్‌లో దొరికింది. తర్వాత నేనే తొందరలో డేటాబేస్ కంటే ముందు అప్లికేషన్ లేపాను, అది ఎర్రర్లు ఇస్తూ కూర్చుంది, మళ్లీ ఆపి వరస ప్రకారం లేపాల్సి వచ్చింది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత మిషన్‌కి ముడిపడి ఉంది, కొత్త చోట డెమో మోడ్‌లోకి పోయింది. ఆదివారం కాబట్టి వాళ్ల హెల్ప్‌లైన్ లేదు. గుంటూరు, ఏలూరు కంప్యూటర్లలో సర్వరు అడ్రస్ నంబరుగానే రాసి ఉంది, పేరుతో కాదు, 23 కంప్యూటర్లలో ఫోన్ చేసి ఒక్కొక్కటీ మార్పించాం.

కానీ మధ్యాహ్నం మూడున్నర దాటాక గుంటూరు నుంచి మా బ్రాంచి మేనేజర్ బిల్లు కొట్టి ప్రింటు ఫోటో పంపారు. బ్యాచ్ నంబరుతో సహా. డేటా పోయింది ఐదు నిమిషాల లోపే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గు లేదు, పోయినసారి తడిసిన చలాన్లు చదివింది నేనే కదా.

డీబీఏ_లక్ష్మి
చాలా సంతోషం! ఆరు గంటల నలభై అని బాధపడకండి, ఈ నాలుగు తప్పులూ నిజం వరద రోజు బయటపడి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

వైజాగ్_కేబుల్
పాస్‌వర్డ్ మేనేజర్ సంగతి ఇప్పుడే మా ఆఫీసులో చూశాను. మాదీ అంతే!! రేపే మారుస్తాం.

ఎడిసన్_రావు
లేపే వరస, పాస్‌వర్డ్లు, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద ప్రింటు తీసి సీల్ కవర్లో మూడు చోట్ల పెట్టండి. కంప్యూటర్ లేనప్పుడు చదవాల్సిన కాగితం కంప్యూటర్లో ఉండకూడదు.

బెజవాడ_అడ్మిన్
ప్రింటు తీశాను రావు గారూ. ఒకటి ఎండీ గారింట్లో, ఒకటి గుంటూరులో, ఒకటి కూకట్‌పల్లిలో. కంప్యూటర్లలో నంబరు తీసేసి సర్వరు పేరు పెట్టాం. పాస్‌వర్డ్ మేనేజర్ హైదరాబాద్‌కి మార్చాం, వీపీఎన్ కూడా. లైసెన్సు గురించి రాతపూర్వకంగా అడిగాను, సెలవు రోజు ఏం చేయాలో ఇంకా జవాబు రాలేదు. గోదారి గారు చెప్పిన చెరపలేని కాపీకి వరదలో మునిగి ఎండిన పాత సర్వర్లలో ఒకటి పనికొస్తుందేమో అనుకున్నా, మదర్‌బోర్డు అంతా తుప్పు, వేరేది చూస్తున్నాం.

కీసర_అన్న
ప్యానెల్ బోర్డు సంగతి ఏమైంది తమ్ముడూ?

బెజవాడ_అడ్మిన్
ఎలక్ట్రీషియన్ వచ్చి కొలతలు తీసుకున్నాడు అన్నా. మొదటి అంతస్తు ల్యాండింగ్ మీదికి ఎక్కిస్తున్నాం, ఫైబర్ బాక్సు కూడా దాంతోనే. కరెంటోళ్ల పర్మిషన్ రాగానే పని మొదలు. వానాకాలం లోపు అయిపోవాలని రోజూ ఫోన్ చేస్తున్నాను.